అక్కడ పగలు, ఇక్కడ రాత్రి: దూరదేశం టీంతో ఇంట్లోంచి పనిచేస్తూ ఊపు పోకుండా ఉండటం ఎలా

మధ్యాహ్నం మూడున్నరకి మీ పని ఒకటి పూర్తయ్యిందనుకోండి. ప్రోగ్రాంలో మూడ్రోజులుగా తల బద్దలు కొట్టుకున్న బగ్ (తప్పు) అది, దొరికింది, సరిచేశారు, పంపేశారు. కుర్చీ వెనక్కి వాల్చి చుట్టూ చూస్తే ఎవరుంటారు? వంటింట్లో అమ్మ చాటలో కందిపప్పు ఏరుతుంటుంది, అమెరికాలోని సియాటిల్లో టీం మొత్తం ముసుగుతన్ని పడుకుని ఉంటుంది, శీతాకాలం అయితే అక్కడ అప్పుడు రాత్రి రెండు. "భలే పట్టావ్" అని ఒక్కళ్ళు అనాలంటే మనకి రాత్రి పదిన్నర దాటాలి, ఆ టైంకి మీ సంబరం చల్లారిన ఇడ్లీలా గట్టిపడిపోయి ఉంటుంది, వాళ్ళు పెట్టిన బొటనవేలు బొమ్మ చూసి ఆ సర్లే అనుకుని దుప్పటి కప్పుకుంటారు. ఇలా ఆర్నెల్లు గడిస్తే పని మీద ఆసక్తి పోకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

నేను కాకినాడలో మా ఇంట్లోంచే నాలుగేళ్ళుగా అమెరికా పడమటి తీరం టీంతో పనిచేస్తున్నా. మొదటి ఏడాది నాకు బద్ధకం ఎక్కువైందనే అనుకున్నా, ప్లానర్ కొన్నా, మోటివేషన్ వీడియోలు చూశా, చల్లనీళ్ళ స్నానం కూడా చేశా (జలుబు చేసింది, అంతే). తర్వాత మెల్లగా అర్థమైంది ఏంటంటే నాలో ఏదో తగ్గిపోలేదు, నేను చేసిన పనికి జవాబు పన్నెండు గంటలు లేటుగా వస్తోంది, ఆ గ్యాప్‌లో మనిషి ఆరిపోతున్నాడు. కాబట్టి కింద రాసినవన్నీ ఆ గ్యాప్‌ని ఎలా పూడ్చుకోవాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి, మనసుని ఉత్తేజపరిచే మాటలేవీ ఇక్కడ దొరకవు.

మొదట గంటల లెక్క కాగితం మీద రాయండి

నవ్వకండి, చాలామందికి తమ టీం ఎప్పుడు లేస్తుందో సరిగ్గా తెలీదు, "రాత్రి ఉంటారు" అంటారు అంతే. అమెరికాలో గడియారం ఏడాదికి రెండుసార్లు మారుస్తారు, మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి. మనం మార్చం. అందుకే సియాటిల్‌కీ మనకీ తేడా శీతాకాలం 13 గంటల 30 నిమిషాలు, మిగతా రోజుల్లో 12 గంటల 30 నిమిషాలు. అంటే వాళ్ళ పొద్దున్న 9 మనకి రాత్రి 9:30 అవ్వచ్చు, 10:30 అవ్వచ్చు. న్యూజెర్సీ వైపు టీం అయితే మీరు అదృష్టవంతులు, వాళ్ళ 9 మనకి సాయంత్రం 6:30 లేదా 7:30. లండన్ అయితే మధ్యాహ్నం 1:30 లేదా 2:30, వాళ్ళు మార్చేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం, కాబట్టి లండన్‌లో ఒకళ్ళు, అమెరికాలో ఒకళ్ళు ఉన్న టీం అయితే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం అందరి లెక్కలూ తప్పుతాయి. సిడ్నీ సంగతి పూర్తిగా తిరగేసి, వాళ్ళు మనకంటే నాలుగున్నర లేదా ఐదున్నర గంటలు ముందు, వాళ్ళ ఆఫీసు మొదలయ్యేసరికి మనకి ఇంకా కోడి కూయదు. అమెరికాలోనే అరిజోనా రాష్ట్రంలో ఎక్కువ భాగం గడియారం మార్చదు, ఇదొకటి మళ్ళీ.

ఒకసారి మార్చిలో ఏమైందంటే, నేను మీటింగ్‌కి ఫోన్‌లో అలారం పెట్టుకునేవాణ్ణి, రాత్రి పదిన్నరకి. ఆ సోమవారం కూడా తల దువ్వుకుని, చొక్కా తొడుక్కుని పదిన్నరకి లింక్ నొక్కితే లోపల ఒక్కడు కూడా లేడు. అప్పటికి మీటింగ్ అయిపోయి అరగంటయింది, పైగా ఆరోజు డెమో నాదే. అలారం నమ్ముకోకండి. మీటింగ్ ఇన్వైట్ వాళ్ళ టైం జోన్‌లో పెట్టమనండి, అప్పుడు మీ క్యాలెండర్‌లో అదే జరిగిపోతుంది, మీరు ఫోన్‌కి వచ్చిన రిమైండర్ చూసుకుంటే చాలు. ఫోన్ క్లాక్ యాప్‌లో వాళ్ళ ఊరు కలుపుకోండి, ఇప్పుడు అక్కడ ఎంతయ్యిందో లెక్కలేసుకునే బాధ తప్పుతుంది.

తర్వాత, కలిసే టైం ఒక్కటే పెట్టుకోండి

కొత్తలో అందరూ చేసే తప్పు ఇదే. రాత్రి పదకొండు దాకా వాళ్ళ కోసం ఉండటం, మళ్ళీ పొద్దున్నే ఆరింటికి లేచి వాళ్ళు వెళ్ళేలోపు ఏమన్నారో చూడటం. రెండు వైపులా మండే వత్తి ఎంతసేపు వెలుగుతుంది? ఒక వైపు తీసుకోండి, రెండోది మూసేయండి.

అందరూ రాత్రినే తీసుకుంటారు ఎందుకో, కానీ పడమటి తీరం టీం అయితే తెల్లవారు జాము ఎంత హాయో ఒకసారి చూడండి. మన పొద్దున్న 6 అంటే శీతాకాలం వాళ్ళకి సాయంత్రం 4:30. గడియారం మారాక అదే 5:30 అయిపోతుంది, వాళ్ళు పిల్లల్ని తెచ్చుకోవాలి, వంట చేసుకోవాలి, అందుకని మేం అప్పుడు 5:30కి జరుపుకున్నాం, వాళ్ళకి 5 అవుతుంది. ఆ టైంలో వాళ్ళు రోజంతా పనిచేసి ఉంటారు కాబట్టి మీ ప్రశ్నలన్నిటికీ జవాబులు వాళ్ళ దగ్గర రెడీగా ఉంటాయి, మీరేమో రోజు మొదలుపెట్టబోతున్నారు, అంటే జవాబు చేతిలో పట్టుకుని పనిలోకి దిగుతారు. అదే రాత్రి మీటింగ్ అయితే జవాబు తీసుకుని పక్కెక్కుతారు, నిద్రలో ఆ జవాబు తిరుగుతూనే ఉంటుంది. నా ఊపు తిరిగొచ్చింది దీనివల్లే అని గట్టిగా చెప్తా.

చిక్కు ఒకటుంది. వాళ్ళ సోమవారం సాయంత్రం మనకి మంగళవారం పొద్దున్న, వాళ్ళ శుక్రవారం మనకి శనివారం. కాబట్టి మీ సోమవారం ఎవరూ ఉండరు, శనివారం పొద్దున్న మీటింగ్ పడుతుంది. నేను శనివారందాన్ని రాతలో పెట్టించేశా, శుక్రవారం సాయంత్రం నోట్ రాసి పంపుతా, అంతే. సోమవారం మాత్రం వదులుకోను, ఒక్క మెసేజ్ రాని రోజు అది, కష్టమైన పని ఏదుంటే ఆరోజుకి దాచిపెట్టుకుంటా.

మేనేజర్‌ని అడగడానికి మొహమాటపడతాం మనం, ఉద్యోగం ఇచ్చినవాళ్ళని టైం మార్చమంటామా అని. రెండు వారాలు ట్రయల్ వేద్దాం అనండి, ఎప్పటికీ అని అనకండి. వారానికి ఒక్క రాత్రి, గురువారమో ఏదో, నేను వస్తాను, మిగతా రోజులు పొద్దున్న అనండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు, వాళ్ళకి కూడా పొద్దున్నే కాఫీ తాగకుండా మీటింగ్‌లో కూర్చోవడం ఇష్టం ఉండదు.

మెసేజ్ రాయడం నేర్చుకోండి

అసలు గ్యాప్ పూడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువే చెప్తా.

మామూలుగా జరిగేది ఇది. మంగళవారం మధ్యాహ్నం మీరు "హాయ్, ఉన్నారా?" అని పెడతారు. వాళ్ళు లేచి "హాయ్, చెప్పండి" అంటారు, మీరు నిద్రలో ఉంటారు. బుధవారం మీరు "యాక్సెస్ రావట్లేదు" అంటారు. వాళ్ళు "దేనికి?" అంటారు. గురువారం "డేటాబేస్‌కి" అంటారు. "ఏ డేటాబేస్?" శుక్రవారం వచ్చేసింది, ఒక్క యాక్సెస్ కోసం నాలుగు రోజులు, ఆ నాలుగు రోజులూ మీరు ఖాళీగా కూర్చున్నందుకు మీ మీద మీకే చిరాకు, అక్కడినుంచి నేను దీనికి పనికిరానేమో అనే ఆలోచన. ఇందులో మోటివేషన్ తప్పేముంది?

దాన్నే ఇలా రాయండి:

"టెస్టింగ్ డేటాబేస్‌కి నాకు చదివే పర్మిషన్ కావాలి, రాసేది అక్కర్లేదు. లాగిన్ అయితే ఈ ఎర్రర్ వస్తోంది, స్క్రీన్‌షాట్ కింద పెట్టా. మీ చేతిలో లేకపోతే ఎవరిని అడగాలో పేరు చెప్పండి చాలు. ఈలోగా నేను రిపోర్ట్ పేజీ పని చేస్తుంటా. రేపటికి పర్మిషన్ రాకపోతే నకిలీ డేటాతో ముందుకెళ్ళిపోతా, మీకు అభ్యంతరం ఉంటే ఆపమనండి."

చివరి వాక్యం చూశారా, అదే ప్రాణం. వాళ్ళు జవాబు ఇవ్వకపోయినా మీ పని ఆగదు. ఊరికే పర్మిషన్ అడిగి కూర్చుంటే అవతలివాడు నిద్రపోయినంతసేపూ మీరు ఆగిపోతారు, "ఇలా చేస్తున్నా, వద్దంటే చెప్పండి" అంటే నడుస్తూనే ఉంటారు. మొదట్లో నాకిది పొగరుగా అనిపించింది, పెద్దవాళ్ళకి అలా చెప్పడం ఏంటి అని, కానీ వాళ్ళకే నచ్చింది, పొద్దున్నే లేచి పదిమంది ప్రశ్నలకి జవాబులు చెప్పే బాధ తప్పింది కదా. తిరిగి మార్చలేని పనులకి మాత్రం, డేటా చెరిపేయడం, కస్టమర్‌కి మెయిల్ వెళ్ళడం లాంటివాటికి, ఇలా చేయకండి, ఎన్ని రోజులైనా ఆగండి.

రోజు ముగించేటప్పుడు కూడా ఒక నోట్ రాయండి, ఐదారు లైన్లు, అంతకన్నా వద్దు. ఇవాళ ఏం అయ్యింది, ఎక్కడ ఆగింది, వాళ్ళ నుంచి ఏం కావాలి, రేపు దేంతో మొదలుపెడతా. షిఫ్ట్ మారేటప్పుడు హాస్పిటల్లో నర్సులు ఒకరికొకరు పేషెంట్లని అప్పజెప్పుతారు చూడండి, సరిగ్గా అలా. దీనివల్ల వాళ్ళకి లాభం ఉంది, కానీ నేను రాసేది నా కోసం. "రేపు దేంతో మొదలు" అని రాసి ఉంటే పొద్దున్న ఆ లైన్ చూసి చెయ్యి వేసేస్తా, లేకపోతే తొమ్మిది దాకా ఫోన్‌లో రీల్స్ తిప్పుతూ ఎక్కడ మొదలెట్టాలో అని ఆలోచిస్తుంటా. ఇంకో చిట్కా, పనిని కావాలనే కొంచెం మిగల్చండి, సులువుగా అయిపోయే ముక్క ఒకటి రేపటికి వదిలేయండి. పూర్తిగా ముగించి పడుకుంటే పొద్దున్న ఖాళీ గోడ కనబడుతుంది.

నిద్ర

మన దేశం మొత్తానికి టైం లెక్క కట్టే 82.5 డిగ్రీల రేఖ మాకు ఈ పక్కనే, తుని వైపునుంచి పోతుంది. అంటే దేశంలో గడియారమూ సూర్యుడూ దాదాపు ఒకే మాట మీదుండే చోట కూర్చుని నేను సియాటిల్ సూర్యుడికి పనిచేస్తున్నానన్నమాట. ఒంటికి ఇదంతా తెలీదు, దానికి తెలిసింది వెలుగు, చీకటి. రాత్రి 3 నుంచి 5 మధ్య ఒంటి వేడి తగ్గిపోతుంది, బుర్ర మందగిస్తుంది, ఆ టైంలో మీకు మీ జీవితం మొత్తం దండగ అనిపిస్తే అది నిజమని నమ్మేయకండి, ఆ గంట అలాంటిది. అప్పుడు రాజీనామా మెయిల్ రాయకండి (ఒకసారి రాశా, డ్రాఫ్ట్‌లో ఉంది, పంపలేదు).

పొద్దున్న షిఫ్ట్ వాళ్ళు లేవగానే డాబా మీదకెళ్ళి వెలుగులో పది పదిహేను నిమిషాలు నిలబడండి, రాత్రి తొమ్మిదిన్నరకి నిద్ర దానంతటదే వస్తుంది. రాత్రి పనిచేయక తప్పనివాళ్ళు తిరగేసి చేయాలి, పడుకునే గదికి మందపాటి కర్టెన్ వేయించండి, ఫ్యాన్ గట్టిగా తిప్పండి, ఆ చప్పుడు బయటి చప్పుళ్ళని కాస్త మింగేస్తుంది. మా వీధిలో ఏడింటికి కూరగాయల బండి మైకులో టమాటాలు మొదలవుతాయి, ధనుర్మాసం నెలరోజులూ తెల్లారకముందే గుడి మైకులో తిరుప్పావై. దేవుణ్ణేం అంటాం, ఆ నెల ఇయర్‌ప్లగ్స్ కొనుక్కున్నా. టీ కాఫీల సంగతి ఒకటి గుర్తుంచుకోండి, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి పడుకోబోయే ముందు ఆరేడు గంటల్లో ముట్టుకోకండి. ఇది మాత్రం మా అమ్మ చెప్తే వినలేదు, తర్వాత తెలిసొచ్చింది.

ఇంట్లోవాళ్ళకి మీ ఆఫీసు కనబడేలా చేయండి

"ఇంట్లోనే ఉన్నావుగా" అనే మాట ఎంత పనిని తినేస్తుందో ఇంటి నుంచి పనిచేసినవాళ్ళకే తెలుసు. గ్యాస్ బండ వస్తుంది తీసుకో, ఇంట్లోనే ఉన్నావుగా. బాబాయిని స్టేషన్లో దింపు, ఇంట్లోనే ఉన్నావుగా. పగలు పన్నెండింటికి లుంగీలో గుమ్మం దగ్గర కనబడితే పక్కింటాయన "ఉద్యోగం ఏమైనా చూసుకుంటున్నావా బాబూ" అని అమ్మ ముందే అడిగాడు. ఆ మాట ఆరోజు నా పనిని మధ్యాహ్నం దాకా చెడగొట్టింది, చిన్న విషయమే కానీ మన పని ఎవరికీ కనబడదు అన్న సంగతి అలా గుచ్చుకుంటుంది.

నేను చేసింది ఏంటంటే, ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించా, అందులో మూడే లైన్లు, మీటింగ్ టైం, తలుపు వేసి ఉండే టైం, ఖాళీ టైం. మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు ఖాళీ, ఏ పనైనా చెప్పండి, గ్యాస్ బండైనా బాబాయైనా. ఖాళీ టైం రాసిపెట్టడం ముఖ్యం, ఎప్పుడూ బిజీ అంటే ఎవరూ నమ్మరు. నెలకోసారి అమ్మకి చేసిన పని చూపిస్తా, ఇదిగో ఈ బటన్ నేను పెట్టింది అని. "దీనికి ఇన్ని రోజులా" అంటుంది. అయినా చూపిస్తా.

కరెంటు, నెట్ సంగతి ముందే తేల్చుకోండి. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయిన క్షణంలో రౌటర్ ఆగి మళ్ళీ లేవడానికి రెండు నిమిషాలు పట్టి మీటింగ్‌లోంచి బయటికి విసిరేస్తుంది. చాలా ఇన్వర్టర్లకి వెనకాల యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి, లేదంటే రౌటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ దొరుకుతుంది. ఇది మోటివేషన్‌కి సంబంధం లేని విషయంలా ఉంటుంది గానీ, మీటింగ్ మధ్యలో మాయమై తిరిగొచ్చి "సారీ, సారీ" అనడం రోజూ జరిగితే మనిషి లోపల చిన్నబోతాడు.

ఇక్కడే ఒక సాక్షిని పట్టండి

టీం నిద్రపోయే టైంలో మీ పని చూసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మీ కంపెనీ వాళ్ళే కానక్కర్లేదు. హనుమకొండలో నా స్నేహితుడొకడు డల్లాస్ టీంతో చేస్తాడు, ఇద్దరం పొద్దున్న 10కి వీడియో కాల్ పెట్టుకుని, ఇవాళ ఏం చేస్తామో ఒక్కో లైన్ చెప్పుకుని మ్యూట్ చేసేస్తాం. మాటల్లేవు, ఎవడి పని వాడిది, పన్నెండున్నరకి అన్‌మ్యూట్ చేసి అయ్యిందా లేదా చెప్పుకుంటాం. వాడికి నా పని ఏంటో సగం అర్థం కాదు, నాకు వాడిది అస్సలు కాదు, కానీ "అయ్యిందిరా" అని చెప్పినప్పుడు "శెభాష్" అని అప్పటికప్పుడు ఒకడు అంటాడు చూడండి, అది సియాటిల్ బొటనవేలు బొమ్మ కంటే పది రెట్లు పనిచేస్తుంది.

దాంతోపాటు ఒక మామూలు నోట్‌బుక్, పిల్లలు రాసుకునేది. రోజుకి ఒక్క లైన్, అయిన పని మాత్రమే, చేయాల్సినవి వద్దు. ఊపు లేనప్పుడు వెనక పేజీలు తిప్పితే ఏమీ చేయట్లేదు అన్న మాట అబద్ధమని మీ చేతిరాతే చెప్తుంది. ఏడాది చివర జీతం పెంపు మాట్లాడేటప్పుడు కూడా అదే పనికొస్తుంది, మీరు పగలు చేసినవి వాళ్ళు చూడలేదు కదా, చూపించాల్సింది మీరే.

పండగలు

సంక్రాంతి, ఉగాది, దసరా వాళ్ళ క్యాలెండర్‌లో ఉండవు, జనవరిలోనే ఏడాది మొత్తానికి మీ సెలవులు టీం క్యాలెండర్‌లో వేసేయండి. భోగి నాడు లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే ఆ నెలంతా మనసు పనిలో ఉండదు, నా అనుభవం. బదులుగా నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, డిసెంబర్ చివరి వారం వాళ్ళెవరూ ఉండరు, అప్పుడు మీరు ఉంటానని చెప్పండి, ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది.

ఇంత చేసినా లేవలేకపోతే

ఒకటి రెండు రోజులు మనసు లేకపోవడం మామూలే, ఆరోజు అన్నిటికంటే చిన్న పని ఒకటి చేసి, నోట్ రాసి, లాప్‌టాప్ మూసి బీచ్ వైపు వెళ్ళిపోండి. కానీ రెండు మూడు వారాలు నిద్ర లేక, తిండి సయించక, ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకుండా ఉంటే అది పని చిట్కాలతో పోయేది కాదు, డాక్టర్‌ని కలవండి. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, డబ్బులు పడవు, ఏ గంటలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మన షిఫ్టులకి ఏ గంటలోనైనా అన్నది ముఖ్యం.

ఇంకొక సంగతి. మీరు టైం మార్చమని అడిగారు, నోట్లు రాస్తున్నారు, అన్నీ చేస్తున్నారు, అయినా ఏడాదిగా ఒక్కసారి కూడా అవతలివాళ్ళు అరగంట జరగలేదు, రాత్రి ఒంటిగంట మీటింగ్ ఎప్పుడూ మీకే పడుతోంది అనుకోండి. దీనికి ముందు నేను చేసిన టీం అలాంటిదే, రెండేళ్ళు నాదే లోపమనుకుని నన్ను నేను రిపేర్ చేసుకుంటూ కూర్చున్నా. అలాంటి చోట ఈ స్టెప్పులేవీ పనిచేయవు, రెజ్యూమే సరిచేసుకోండి. మధ్యాహ్నం పూట చేసుకోవచ్చు, అక్కడ అందరూ నిద్రపోతుంటారు.